ముందు ఎవరికి చెప్పాలి?

ఒక వయసు దాటాక స్నేహితుడికి ఫోన్ చెయ్యడానికీ వేళాపాళా చూసుకోవాలి. పొద్దున్నే ఆరింటికి మోగినా, రాత్రి తొమ్మిది దాటాక మోగినా అవతలివాడికి గుండె ఝల్లుమంటుంది. అంచేత నేను పదకొండింటికి చేస్తాను. టిఫినూ, మందులూ, పేపరూ అన్నీ అయిపోయి ఉంటాయి. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా నాకు అదే ముహూర్తం.

మాది కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ. 1969లో పీయూసీ పాసై చేరాం. చేరినప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేది. 1972 అక్టోబరులో జేఎన్‌టీయూ పుట్టాక కాలేజీ అందులో కలిసింది. ఆ వెంటనే జై ఆంధ్ర ఉద్యమం వచ్చి చదువులు అటకెక్కాయి. ఐదేళ్ల కోర్సు ఎలాగో గట్టెక్కాక కొందరు విద్యుత్ బోర్డులో, కొందరు ఇరిగేషన్‌లో, కొందరు బీహెచ్‌ఈఎల్‌లో చేరారు. కొందరు అమెరికా విమానమెక్కారు. సర్కారు నౌకర్లందరం 58కి దిగిపోయాం. తర్వాత 2014లో ఆంధ్రలో 60 చేశారు, 2022లో 62 చేశారు. కలిసినప్పుడల్లా ఎవడో ఒకడు ఈ సంగతి ఎత్తుతాడు. మిగతావాళ్లు అప్పుడే విన్నట్టు బాధపడతారు.

బ్యాచ్ జాబితా నా దగ్గర ఉంటుంది. ఎవరూ అప్పగించలేదు. ‘వాడి అడ్రసా, వీణ్ణడగండి’ అని నలుగురూ అనడం మొదలెడితే ఆ పని మన నెత్తికెక్కినట్టే. ఓ లాంగ్ నోట్‌బుక్కు పెట్టాను. పేర్లు పెన్నుతో, చిరునామాలు పెన్సిల్‌తో. కాకినాడలో సొంతిల్లు అమ్మేసి మియాపూర్ అపార్ట్‌మెంట్‌కి, అక్కణ్ణుంచి కొడుకు దగ్గర డాలస్‌కి, వీసా గడువు తీరాక మళ్లీ మియాపూర్‌కి తిరిగేవాళ్లున్నారు. రబ్బరుతో రుద్ది రుద్ది వాళ్ల గళ్ల దగ్గర కాగితం పల్చబడిపోయింది. పేర్లు మాత్రం అప్పటి అటెండెన్స్ వరసలోనే ఉంటాయి. ఆ వరస మాకందరికీ ఇప్పటికీ నోటికొచ్చు. మనవళ్ల పేర్లు తడబడేవాడు కూడా ఆ వరసలో తన ముందెవడో వెనకెవడో ఠక్కున చెప్తాడు.

దొరకబుచ్చుకోవడం కష్టమైంది ఆడపిల్లల్ని. ఉన్నదే కొద్దిమంది, పెళ్లితో ఇంటిపేర్లూ ఊళ్లూ మారిపోయాయి. ఒకావిడ కోసం పుట్టింటి వీధిలో రేషన్ డీలరు దాకా వెళ్లి వాకబు చేశాం. తీరా చూస్తే హైదరాబాద్‌లో మా వాళ్లు ముగ్గురున్న కాలనీలోనే ఉంటోంది. ఆవిడ రోజూ పార్కులో వీళ్ల పక్కనుంచే నడుస్తోంది. గుర్తుపట్టి కూడా పలకరించలేదట. ‘కాలేజీలో మీరెప్పుడైనా పలకరించారా’ అంది. ముగ్గురూ నోరు మెదపలేదు.

ఇక అసలు పని, కబురు చెప్పడం. వార్త రాగానే గ్రూపులో పెట్టేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. హాస్టల్లో ఐదేళ్లు ఒకే గదిలో పడుకున్నవాడు, వాడు పోయిన సంగతి రెండు గుడ్‌మార్నింగ్ గులాబీల మధ్య చదువుకోవాలా? ముందు ఇంటికి ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. మాలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, తండ్రి ఊరు అడిగితే గాని తేలదు. తర్వాత రూమ్మేట్లకి చెప్పాలి. ఆ తర్వాత, వాడితో మాటల్లేకుండా ఉన్నవాడికి. ఇది చాలామందికి తట్టదు. నలభై ఏళ్ల కిందట ప్లాటు దగ్గర డబ్బు తేడాలొచ్చి పలకరింపులు మానేసినవాడికి ఈ వార్త అందరికంటే బరువు. ఆ మాట గ్రూపులో చూడకూడదు, ఒక మనిషి గొంతులో వినాలి. చివర్న గ్రూపులో పెట్టాలి. అక్కడ ‘ఓం శాంతి’లు వరసగా పడతాయి. మధ్యలో ఒకడు పైన చదవకుండా ఎవరికో ‘హ్యాపీ బర్త్‌డే’ పెడతాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

చెప్పేటప్పుడు ముందు కాఫీ తాగావా అంటాను, షుగరెలా ఉంది అంటాను, ఆ తర్వాత ఇంట్లో ఎవరున్నారని అడుగుతాను. ఒంటరిగా ఉన్నవాడికి చెప్పి ఫోన్ పెట్టెయ్యడం నాకు ఇష్టం లేదు. ఎవరూ లేరంటే ఆ కాలనీలో ఉండే ఇంకొకణ్ణి వెళ్లమని, వాడు చేరాక చెప్తాను. కానీ ఈ మధ్య నా విద్య అందరికీ తెలిసిపోయింది. ‘ఇంట్లో ఎవరున్నార్రా’ అనేసరికి అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, ‘ఎవడ్రా?’

పోయినవాడి నంబరు గ్రూపులోంచి తీసెయ్యాలా వద్దా అన్నది మా అడ్మిన్ల మధ్య తెగని తగువు. లెక్క ప్రకారం తీసెయ్యాలంటాడొకడు. వాడు జీవితమంతా అకౌంట్స్ ఆడిట్‌లు చేయించుకున్నవాడు. ఫోన్ ఇప్పుడు వాళ్లావిడ చేతిలో ఉంటుంది, ఆవిణ్ణి అడక్కుండా తీసెయ్యకూడదని నా వాదన. ఒకావిణ్ణి అలాగే అడిగాను. ‘ఉంచండి అన్నయ్యగారూ, మీరందరూ కొట్టుకుంటుంటే ఇంట్లో ఆయనున్నట్టే ఉంటుంది’ అంది. ఇప్పుడు ఆవిడ అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని శుభాకాంక్షలు పంపుతుంది. ఆయన బతికుండగా ఒక్కడికీ పంపిన పాపాన పోలేదు. పోయినసారి సమావేశానికి ఆవిడ తమ్ముణ్ణి తోడు తీసుకుని వచ్చింది. మా హాస్టల్ కథలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. మేం చెప్తుంటే రెండుచోట్ల సరిదిద్దింది. ఆయన చెప్పిన ప్రకారం మెస్ బకాయి ఎగ్గొట్టింది ఆయన కాదట, నేనట.

సమావేశాల సంగతికొస్తే, శాలువాలూ షీల్డులూ మానిపించాను. అందరి షోకేసుల్లో చాలినన్ని ఉన్నాయి. పరిచయాల్లో ‘రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్’ అనకూడదన్నాం, పాటించారు. హోదాల గొడవ పోయి దాని బదులు ‘పిల్లలెక్కడ?’ వచ్చింది. ఆ ప్రశ్న మరీ నిర్దయగా ఉంటుంది. కొడుకుతో మాటల్లేనివాళ్లున్నారు, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎవరికి ఏ కష్టముందో నోట్‌బుక్కులో రాసుకోను, మనసులో ఉంచుకుని భోజనాల దగ్గర కుర్చీలు దాన్నిబట్టి వేయిస్తాను. భోజనం పన్నెండున్నరకి పెట్టి తీరాలి, ఇన్సులిన్ వాళ్లకి మంత్రిగారి ఉపన్యాసంతో పన్లేదు. రాజకీయాలు వద్దని నియమం పెట్టుకున్నాం గానీ అది భోజనాల దాకానే నిలుస్తుంది. కులం సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తక్కర్లేదు కూడా. ఏ బ్యాచ్‌కైనా పెద్ద గ్రూపు వెనక చిన్న గ్రూపులుంటాయి, అవి ఏ లెక్కన ఏర్పడ్డాయో హాస్టల్లో ఉన్నవాడికి వేరే చెప్పాలా?

కిందటిసారి కాకినాడలోనే పెట్టాం. పాత హాస్టల్ మెట్లు ఎక్కినవాళ్లు కొందరు, కింద నిలబడి ‘నా గది చూసి రండ్రా’ అన్నవాళ్లు ఎక్కువమంది. ఈసారి హైదరాబాద్‌లో పెట్టమంటున్నారు. సగంమంది ఇక్కడే ఉన్నారు కాబట్టి కాదనలేను. శామీర్‌పేట వైపు ఒక రిసార్ట్ వాళ్లు ఫోటోలు పంపారు. గదులు రెండో అంతస్తులో ఉన్నాయి, లిఫ్టుంది. కరెంటు పోతే ఆ లిఫ్టుకి జనరేటర్ కనెక్షన్ ఇచ్చారా అని అడిగితే ‘ఉంటుంది సార్’ అన్నాడు మేనేజరు. ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్ణి, ‘ఉంటుంది’ అన్న మాట విని అడ్వాన్స్ కట్టను. ఎలక్ట్రికల్ వాళ్లం ఇద్దరం బుధవారం వెళ్లి మెయిన్ ఆఫ్ చేయించి చూసొస్తాం.