చేను గలవారిని అడిగి

వానలు వెనకబట్టి, ఆశ్వయుజం సగం దాటేసరికి ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య నల్లరేగడి చేల రంగే మారిపోతుంది. పత్తికాయ పగలడం మొదలవుతుంది. కంది నడుమెత్తు లేచి పూత మీదికి వస్తుంది. పప్పుశనగ కోసం దున్నిన చేలు తడి ఆరక నిగనిగలాడతాయి. వేసవి అంతా గాలిలో నిలిచి ఉన్న దుమ్ము అణిగిపోయి, ఆదోని కొండ మీది కోట దూరపు ఊళ్లకు కూడా గోడలతో సహా కనిపిస్తుంది. ఫోటోలు తీసేవాళ్లకు ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి వెలుగు దొరకదు. ఆ వెలుగులోనే రెండు సంగతులు కలిసి జరుగుతాయి. ఎండాకాలంలో గోధుమరంగుకు వెలిసిపోయిన మగ కృష్ణజింకలు మళ్లీ కారునలుపుకు తిరుగుతాయి. ఉత్తరాన ఎక్కడో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపిన పిల్లిగద్దలు మన చేల మీదికి దిగుతాయి.

కర్నూలు వైపు జింకల ఫోటోలంటే చాలామంది నల్లమల అనుకుంటారు. అక్కడ ఉండేవి దుప్పి, కణుజు. చెట్ల నీడలో బతికే జంతువులవి. మన పడమటి దిక్కున అడవి లేదు. కృష్ణజింకకు అడవి అక్కర్లేదు కూడా. దానికి కావలసింది కనుచూపు మేర ఖాళీగా ఉన్న మైదానం, దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తే వీలు. గంటకు ఎనభై కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జంతువు పొదల్లో ఎందుకు దాక్కుంటుంది? ఒకప్పుడు ఇక్కడ ఆ మైదానం పచ్చికబీడు. ఇప్పుడు ఆ బీడు చాలావరకు దున్నబడి పత్తిచేనయింది, వేరుశనగ చేనయింది, కందిచేనయింది. జింక మాత్రం ఊరు వదిలి పోలేదు. తన తాతలు మేసిన చోటే మేస్తోంది. ఆలూరు, కోసిగి, పెద్దకడబూరు, నందవరం, ఎటు వెళ్లినా ఇదే కథ. కాబట్టి ఈ ప్రాంతంలో తీసే ప్రతి జింక ఫోటో కింద ఎవరిదో ఒకరి పెట్టుబడి ఉంటుంది. నా పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని మీద చెయ్యి వేస్తే జైలే. అది న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ చట్టం బరువు మోసేది ఎవరు? విత్తనం మొలకెత్తి రెండాకులు వేయగానే తెల్లారేసరికి మంద వచ్చి సాళ్లకు సాళ్లు మేసిపోతే, తిన్నదానికన్నా తొక్కినదే ఎక్కువైతే, మళ్లీ విత్తనం కొనుక్కొచ్చి వేసే రైతు. ఇక్కడి చేల చుట్టూ పాత చీరలు కట్టి ఉంటాయి. ఎర్రవి, పసుపువి, పూలవి. గాలికి అవి ఎగిరితే జింకలు బెదురుతాయని. రాత్రిళ్లు కావలి పడుకుంటారు, డబ్బాలు కొడతారు, టపాకాయలు కాలుస్తారు. జింకల కోసం ప్రత్యేకంగా ఒక పార్కు పెట్టండని రైతులు అడుగుతున్నది ఈ కష్టంతోనే.

ఇప్పుడు మనం తీసే ఫోటోలు చూడండి. చీర ఉండదు. మంచె ఉండదు. కరెంటు స్తంభం, గాలిమర, ట్రాక్టరు ఏదీ ఉండదు. మసకబారిన పచ్చదనం ముందు మెలికలు తిరిగిన కొమ్ములతో ఒక నల్లని ఇర్రి, అంటే మగ జింక, ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెనక ఏమీ లేకుండా ‘శుభ్రంగా’ ఉండాలన్నది పోటీలు నేర్పిన అలవాటు. పొడవాటి లెన్సు ఆ పని సుళువుగా చేసిపెడుతుంది. అలాంటి ఫోటోలు నేనూ తీస్తాను, వాటి అందాన్ని కాదనను. కానీ ఆదోని జింకను చీర లేకుండా చూపిస్తే అది ఆదోని జింక కాదు, ఎక్కడిదైనా కావచ్చు. అందుకే కొన్నేళ్లుగా చిన్న లెన్సుతో, చేనంతా పట్టేలా తీస్తున్నాను. ఒక మూల మంద, ఇంకో మూల పత్తి తీసే కూలీలు, మధ్యన ఎగిరే పాత చీర. ఒకరినొకరు చూస్తూనే ఎవరి పని వాళ్లు చేసుకుంటున్న ఆ దృశ్యం, నా లెక్కలో, ఒంటరి కొమ్ముల ఫోటో కన్నా గొప్పది.

జంతువును మాత్రమే చూసి నేలను చూడకపోవడం మనకు వేట నుంచి వచ్చిన అలవాటని నా అనుమానం. మొఘలులు చీటాలను మచ్చిక చేసి కృష్ణజింకల మీదికి వదిలేవారు. తర్వాత వచ్చిన తెల్లదొరలు ఎద్దులబండి చాటున నడిచి దగ్గరికి పోయేవారు, జింక బండికి బెదరదు, మనిషికి బెదురుతుంది గనక. అమెరికాలో జార్జ్ షిరాస్ అనే వేటగాడు పడవ ముందు దీపం పెట్టుకుని రాత్రిపూట జింకల్ని కాల్చే పద్ధతినే తీసుకుని, తుపాకీ స్థానంలో కెమెరా పెట్టాడు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫోటోలు 74 ఒకే సంచికలో వేసింది. రాత్రివేళ అడవి జంతువుల్ని ఫోటో తీసే విద్యకు ఆద్యుల్లో ఆయన ఒకరు. తుపాకీ పక్కన పెట్టడం పెద్ద అడుగే. ఐతే గురి పెట్టడం, వెంటాడటం, ఇంటికి తెచ్చుకుని గోడకు తగిలించడం అలాగే మిగిలిపోయాయి.

ఎద్దులబండి సూత్రం మాత్రం నేటికీ పనిచేస్తుంది. ఇప్పుడు బండి స్థానంలో కారు, ట్రాక్టరు. రోజూ చేలదారుల్లో తిరిగే బండిని జింక పట్టించుకోదు. అదే బండి ఆగి, తలుపు తీసి, రెండు కాళ్లు నేల మీద పెట్టారా, మంద మొత్తం తలలెత్తుతుంది. మేత ఆపి తలెత్తిందంటే మనం అప్పటికే హద్దు దాటినట్టు. అక్కడి నుంచి ఒక్క అడుగు వేసినా ముందున్న లేడి గాల్లోకి లేస్తుంది, వెనక ఒక్కొక్కటీ లేస్తాయి. ఆ దూకుడు ఫోటోకు చాలా బాగుంటుంది. అందుకే కొందరు కావాలని తరుముతారు. తరిమిన మంద ఎటు పోతుందో వాళ్లు చూడరు. పక్క చేనిలో పడుతుంది. కోతకు వచ్చిన వేరుశనగ మీదుగా పోతుంది. ఈనిన లేడి గడ్డిలో దాచుకున్న పిల్ల వెనక్కి ఉండిపోతుంది, ఊరకుక్కలు దాన్ని కనిపెడతాయి.

ఒకరోజు పొద్దున్నే ఒక రైతును అడిగాను, గట్టు మీద కూర్చోవచ్చా అని. మనిషి కెమెరా వంక చూశాడు, నా వంక చూశాడు. “తీసుకో అన్నా, నాదేం పోతుంది. మా చేన్లోకి మాత్రం తోలాకు” అన్నాడు. ఈ విద్య మీద నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఆ మాటే నాకు ఎక్కువ నేర్పింది. ఏ చేలోకి పోవాలన్నా ముందు ఆ చేను గలవారిని అడగడం అప్పటి నుంచి నా పనిలో మొదటి మెట్టు. అడిగితే ఇంకో లాభం ఉంది. మంద ఏ పొద్దున ఎటు నుంచి దిగుతుందో, ముసలి ఇర్రి ఏ చోట పేడకుప్ప పెట్టి తన హద్దు కాపాడుకుంటుందో రైతుకు, గొర్రెలు మేపే కురువ పెద్దలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇర్రి తన హద్దు వదిలి పోదు. అక్కడే తిరిగి తిరిగి వస్తుంది. జింక వెంట మనం పోనక్కర్లేదు, ఆ చోటికి ఎదురుగా గట్టున కూర్చుంటే అదే వస్తుంది.

చేతిపని గురించి నాలుగు మాటలు. నల్లరేగడి మీద కెమెరా మీటరు మోసపోతుంది. ఫ్రేములో నలుపు ఎక్కువుంటే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. ఇర్రి పొట్ట కింది తెలుపు, కళ్ల చుట్టూ ఉన్న తెల్లని వలయాలు కాలిపోతాయి. తెలుపును కాపాడుకునేలా కొంచెం తగ్గించి తీయాలి, నలుపులో దాగిన వివరం తర్వాత బయటికి తెచ్చుకోవచ్చు. రెండోది ఎండ. తొమ్మిది గంటలు దాటాక నేల వేడెక్కి గాలి అలలు అలలుగా ఊగుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ ఊగే గాలిలోంచి చూడక తప్పదు కాబట్టి బొమ్మ మెత్తగా వస్తుంది. లోపం లెన్సుది అనుకుని మార్చేసినవాళ్లు నాకు తెలుసు. ఇంకా దగ్గరికి పోతే సరిపోతుందనుకుని మందను బెదరగొట్టినవాళ్లూ తెలుసు. తొమ్మిదికి కెమెరా సంచిలో పెట్టేసి రైతుతో కూర్చుని టీ తాగడం మంచిది.

పిల్లిగద్దల దగ్గరికి వస్తే సంగతి వేరు. వీటిని చూసి రైతు తిట్టుకోడు. మిడతల్ని, ఎలుకల్ని ఏరుకు తినే పక్షులివి. పగలంతా చేల మీద నడుమెత్తున, రెక్కలు కొంచెం పైకి లేపి, తూలుతూ ఎగురుతాయి. సాలు వెంట పోయి, చివర తిరిగి, పక్క సాలు మీదుగా వస్తాయి. మగవి లేత బూడిదరంగు, రెక్కల కొసలు నలుపు. పాలిడ్ హారియర్, మాంటెగు హారియర్ అని ఇక్కడి చేల మీదికి ముఖ్యంగా రెండు రకాలు వస్తాయి. మగవాటిని గుర్తుపట్టవచ్చు. గోధుమరంగు ఆడవాటి దగ్గర పెద్ద పెద్ద పక్షి నిపుణులూ ఆగి ఆలోచిస్తారు. బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు ఈ గద్దల వీపుకు ట్రాన్స్‌మిటర్లు కట్టి ఉపగ్రహం ద్వారా వెంబడిస్తే, అవి కజకిస్తాన్ గడ్డి మైదానాల దాకా వెళ్లాయి. అక్కడ నేల మీదే గూడు. ఇక్కడికొచ్చాక నేల మీదే నిద్ర. సాయంత్రం చుట్టుపక్కల చేల నుంచి ఒక్కొక్కటే వచ్చి, మోకాలెత్తు గడ్డి ఉన్న బీడులోకి దిగిపోతాయి.

గుజరాత్‌లోని వేళావదర్ జాతీయ పార్కులో కృష్ణజింకలు, పిల్లిగద్దలు ఒకే గడ్డిలో ఉంటాయి. మన పక్కనే రోళ్లపాడులోనూ అంతే. బట్టమేక పక్షి కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లరతో పెట్టిన అభయారణ్యం అది. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. బట్టమేక దాదాపు కనుమరుగైంది. జింకలు పెరిగాయి, గద్దలు వస్తూనే ఉన్నాయి. ఈ జీవాలన్నిటికీ కావలసింది గడ్డి. మన రికార్డుల్లో గడ్డినేల పేరు ‘బంజరు’. బంజరంటే ఎవరికి ఏది కావాలన్నా ఇచ్చేయవచ్చు. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. కరెంటు వద్దని నేననను. కానీ ఆ నేల ఖాళీగా ఉండేదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

నిద్రపోయే చోట పిల్లిగద్దను నేను ఫోటో తీయను. చీకటి పడ్డాక టార్చీలతో గడ్డిలోకి నడిచి, లేచిన గద్దలను ఫ్లాష్‌తో పట్టిన ఫోటోలు చూశాను. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షిని నిద్రలో లేపి చీకట్లోకి తరిమితే, అది నక్కకో కుక్కకో దొరకవచ్చు. పగటిపూట గట్టున కూర్చుని, వెలుగు వీపు వెనక పెట్టుకుని, షట్టరు సెకనులో రెండువేలో వంతు పెట్టుకుంటే, సాలు చివర తిరిగి మన వైపే వచ్చే గద్ద చాలు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గద్దలు నిద్రపోయే బీడు ఏ ఊరిదో ఇక్కడ రాయను, ఫోటో కింద కూడా పెట్టను.

నీటి పక్షుల గురించి ఒక్క మాటతో సరిపెడతాను. తుంగభద్ర ఎగువన కన్నడ దేశంలో అంకసముద్ర, మాగడి చెరువులకు 2024 జనవరిలో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మాగడికి హిమాలయాలు దాటి పట్టెతల బాతులు వస్తాయి. ఆ జాతి బాతు ఏడువేల మీటర్లకు పైన ఎగరడం శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అదే తుంగభద్ర నీళ్లు తాగే మన చెరువులను కూడా కాస్త కళ్లు పెట్టి చూసేవాళ్లు కావాలి.

పోయిన ఏడు ఒక రైతు నన్ను చేయి పట్టుకుని తన చేనులోకి తీసుకుపోయాడు. జింకలు కొరికేసిన పత్తి మొక్కలు వరసగా చూపించి, “ఇవి తీయప్పా, అర్జీకి కావల్ల” అన్నాడు. పంట నష్టం అర్జీతో జత చేయడానికి ఫోటోలు కావాలి, ఫోన్లో సరిగా రావడం లేదు. మోడులైన మొక్క, దాని పక్కన మెత్తని మట్టిలో గిట్టల అచ్చు, వెనక సర్వే రాయి, అన్నీ కలిసేలా వంగి, కూర్చుని, ఎండ సరైన వైపు వచ్చేదాకా ఆగి తీశాను. ఇర్రి కొమ్ముల మీద పెట్టే శ్రద్ధంతా వాటి మీద పెట్టాను. మరునాడు ప్రింట్లు తీసుకెళ్లి ఇచ్చాను. జింకను ప్రేమించేవాడు రైతు అర్జీకి ఫోటో తీయడమేమిటని ఒక మిత్రుడు అడిగాడు. రైతుకు నష్టపరిహారం అందిన ఊళ్లోనే జింక బతుకుతుంది. ఆ మొక్క ఫోటో కూడా నాకు వన్యప్రాణి ఫోటోయే.

కార్తీకం దాటితే ఇంకో వలస మొదలవుతుంది. వేరుశనగ పీకి, పత్తి కొంత తీసి, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు దిక్కు మిరప కోతలకు, పత్తి తీతకు. పిల్లల్ని, గిన్నెల్ని, కోళ్లను వ్యానుల్లో వేసుకుని పోతారు. బడి మానేసే పిల్లలు ఎందరో. గద్దలు ఇక్కడ నాలుగు ఎలుకల కోసం వేల కిలోమీటర్లు వచ్చిన నెలల్లోనే ఈ నేల మనుషులు ఈ నేల వదిలి పోతుంటారు. చేలు ఖాళీ అవుతాయి, మందలు నిర్భయంగా మేస్తాయి, ఫోటోలకు అడ్డు వచ్చేవాళ్లు ఉండరు. ఆ నెలల్లో నా ఫోటోలు ఎక్కువ వస్తాయి. వాటిలో మనుషులు ఎందుకు లేరో కింద రెండు వాక్యాలు రాయకుండా ఒక్కటి కూడా బయటికి ఇవ్వను.

అప్పుడు చేను ఎవరిని అడగాలి? తాళాలు వేసిన ఇళ్ల మధ్య ఎక్కడో ఒక అరుగు మీద ముసలివాళ్లుంటారు. కిందటి మార్గశిరంలో ఒక అవ్వను అడిగాను, మీ చేని గట్టున కాసేపు కూర్చుంటానని. “మావోళ్లు సుగ్గికి పోయినారు నాయనా. పో, చేను బోడిగానే ఉంది. ఆ పక్క దిగుడుబాయి ఉంది, కంపలు మూసుకున్నాయి, చూసుకొని నడువు” అంది.