‘పూర్ణ’ సినిమాలో బడి ఎక్కడుంది?

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల, పుట్టింది లంబాడీ కుటుంబంలో, చదువు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. మరో ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. మూడేళ్ల తర్వాత, 2017లో, రాహుల్ బోస్ దర్శకత్వంలో ‘పూర్ణ’ అనే హిందీ సినిమా వచ్చింది. తండా పిల్ల కథానాయికగా దేశమంతా చూసిన సినిమా ఇది. మన పిల్లలకు చూపించదగినదే. అయితే చూపించే ముందు, చూపించిన తర్వాత మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

ముందు మెచ్చుకోవాల్సిన సంగతులు. ఈ సినిమా ఆకలిని దాచలేదు. గురుకులానికి పిల్లలు మొదట చదువు కోసమే వస్తారని బయటివాళ్లు అనుకుంటారు. అన్నం కోసం వస్తారని మనకు తెలుసు. కంచంలో ఏముందన్నదే బడికి మొదటి పరీక్ష అని ఈ సినిమాకు అర్థమైంది. రెండోది ప్రియ పాత్ర. పూర్ణతో కలిసి పెరిగిన ఈ అక్కకు చిన్న వయసులోనే పెళ్లి చేస్తారు, ఆమె బతకదు. ఒకే ఇంటి ఆవరణలో పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకరు బడికి, ఒకరు పెళ్లికి వెళ్లారు. గురుకులం ఆడపిల్లకు ఏమిచ్చిందో ఏ నివేదికకన్నా ఈ జంట కథే బాగా చెబుతుంది. పెళ్లిని కొన్నేళ్లు వెనక్కి నెట్టగలిగిందంటే ఆ బడి సగం గెలిచినట్టే.

ఇక మా అభ్యంతరాలు. పూర్ణ ఇంట్లో వినిపించాల్సింది గోర్ బోలి, ఊళ్లో తెలుగు. సినిమా ఆమెను హిందీలో మాట్లాడించింది. హిందీ సినిమా కదా, తప్పదు అనవచ్చు. కానీ తండా పిల్ల బడిలో ఎదుర్కొనే మొదటి కొండ భాషే. ఇంట్లో ఒక మాట, బడిలో మరో మాట, పుస్తకంలో ఇంగ్లీషు. ఎవరెస్టుకన్నా ముందు ఆమె ఎక్కిన ఈ కొండ తెరమీద లేదు. ఇది చిన్న లోపం కాదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ పూనికతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టారు. అంటే ఇంటి భాషలో బడి అనేది కొత్త కోరిక కాదు, ఈ నేలమీదే నడిచిన పని. ఆ దారి తర్వాత మూసుకుపోయింది. ఆశ్రమ పాఠశాలలు తెలుగులో సాగాయి, గురుకులాలు ఇంగ్లీషు వైపు వెళ్లాయి.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. సినిమాలో బడిని కదిలించేది ఒకే ఒక్కడు, కొత్తగా వచ్చిన అధికారి. ఆ పాత్రను దర్శకుడే పోషించాడు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గురుకులాల కార్యదర్శిగా ఉన్న కాలంలో ఆ బడులకు గుర్తింపు వచ్చిందన్నది నిజం. దాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు. కానీ గురుకులానికి అంతకుముందు చరిత్ర ఉంది. 1971లో సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. 1980ల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాలు విస్తరించాయి. తెల్లవారుజామున పిల్లల్ని నిద్రలేపే వార్డెన్, జ్వరమొస్తే పక్కన కూర్చునే టీచర్, గ్రౌండులో విజిల్ ఊదే పీఈటీ, వంద మందికి వండే వంటమనిషి, వీళ్లందరి చేతులమీదుగా ఆ బడి నడిచింది. సినిమా వీళ్లను గుంపులో కలిపేసింది. పూర్ణ గురుకులంలో చేరాక తరగతి గదికి దక్కిన చోటు కూడా తక్కువే. ఆమె ఏం చదివింది, ఏ పాఠం ఇష్టం, ఏది కష్టం, మనకు తెలియదు.

దీనివల్ల నష్టమేమిటి? మంచి అధికారి వస్తే బడి బాగుపడుతుందని పిల్లలు నేర్చుకుంటారు. అధికారికి బదిలీ ఉంటుంది. హక్కుకు బదిలీ ఉండదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తాడ్వాయి బడి ఆ జీవో పరిధిలోది కాకపోవచ్చు, ప్రశ్న మాత్రం అన్ని బడులదీ. మన పిల్లల బడిలో మనవాళ్లు ఎవరుండాలి? రక్షకుడి కోసం ఎదురుచూసే కథ ఈ ప్రశ్నను అడగనివ్వదు.

ఇక ఆటల సంగతి. భువనగిరి రాతిగుట్టమీద మొదలైన శిక్షణ ఎవరెస్టు దాకా సాగడం సినిమాకు బలం. ఆ గుట్టమీద ఎక్కి దిగిన మిగతా పిల్లలు ఏమయ్యారు? శిఖరం చేరింది ఇద్దరు. ఆ ఇద్దరిలోనూ ఆనంద్ నీడలాగే మిగిలిపోయాడు. వ్యాయామ విద్య అంటే ఒక్కరిని పైకి పంపడం కాదు, బడిలోని ప్రతి పిల్లా రోజూ గంటసేపు ఆడగలగడం. దానికి గ్రౌండు కావాలి, పీఈటీ కావాలి, రక్తహీనత లేని ఒళ్లు కావాలి. ఒక్క శిఖరం పేరు చెప్పి ఈ మూడింటినీ మరిచిపోయే ప్రమాదం ఉంది.

మరో మాట. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లు నిండనివారికి అనుమతి లేదు కాబట్టి ఈ పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది షెర్పాలు. వాళ్లూ కొండజాతివాళ్లే. బయటివాళ్ల రికార్డులకు మూటలు మోసి బతికేవాళ్లు. మన పిల్ల గెలుపు వెనక కూడా షెర్పాల భుజాలున్నాయి. పదమూడేళ్ల పిల్లను అంత ప్రమాదంలోకి పంపడానికి పేద తల్లిదండ్రులు ఇచ్చే అంగీకారం ఎంత స్వేచ్ఛగా ఇచ్చింది అన్న ప్రశ్న దగ్గర సినిమా ఎక్కువసేపు ఆగలేదు. మనం ఆగాలి.

ఇవన్నీ పూర్ణను తగ్గించే మాటలు కావు. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కింది. ఒక అధికారి చేయిపట్టి ఎక్కించిన పిల్లగా ఆమెను చూపితే ఈ పట్టుదల ఎక్కడిదో అర్థం కాదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. సినిమా చూపించాక పిల్లల్ని మీరెలా ఎక్కుతారు అని మాత్రమే అడగకండి. మన బడి ఎప్పుడు పెట్టారు, స్థలం ఎవరిచ్చారు, మొదటి బ్యాచిలో ఎంతమంది ఆడపిల్లలు, ఎవరు మధ్యలో మానేశారు, ఎందుకు, మన గ్రౌండు ఎంత, అన్నం ఎలా ఉంది అని అడగండి. ఇంటి భాషలోనే రాసుకురమ్మనండి. సినిమా వదిలేసిన బడి చరిత్రను ఆ పిల్లలే రాస్తారు.