రక్తంలో వయస్సు కనబడుతుందా?

25 ఏళ్ళ యువకుడు ఒకడు, 80 ఏళ్ళ వృద్ధురాలు ఒకామె, ఒకే దినాన రక్తపరీక్ష చేయించుకొన్నారనుకొనవచ్చును. ఇద్దరి కాగితాల మీదా క్రియాటినిన్ అనే పదార్థానికి ఎదురుగా ఒకే అంకె వేసి ఉన్నది: నూరు మిల్లీలీటర్లకు 1 మిల్లీగ్రాము. అంకె ఒకటే గనుక ఇద్దరి మూత్రపిండాలూ ఒకే తీరున పనిచేస్తున్నవని అనిపించడం సహజం. కాని అది పెద్ద పొరపాటు.

కండరాలకు శక్తిని అందించడంలో తోడ్పడే క్రియాటిన్ అనే ద్రవ్యం నుండి ఈ క్రియాటినిన్ పుడుతుంది. మూత్రపిండాలు దానిని వడపోసి మూత్రంలోకి పంపివేస్తవి. కండ నిండుగా ఉన్న యువకునిలో అది ఎక్కువగా పుట్టి ఎక్కువగా బయటికి పోతుంది. వృద్ధురాలిలో పుట్టేదీ తక్కువే, పోయేదీ తక్కువే. తొట్టిలోని నీటిమట్టాన్ని మాత్రమే చూచి, పైన కుళాయి ఎంత వదులుతున్నదో, అడుగున తూము ఎంత లాగుతున్నదో చెప్పలేము గదా! రక్తపరీక్ష తెలిపేది నీటిమట్టాన్ని మాత్రమే.

వయస్సును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి రక్తంలోని జీవక్రియాద్రవ్యాలు ఎట్లా మారుతవో తెలిపే పరిశోధనలు ఇటీవల చాలా వెలువడినవి. వాటిని చదివేటప్పుడు ఈ తొట్టి సంగతి మరచిపోరాదు. మచ్చుకు, 2016లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పత్రికలో వచ్చిన జపాను పరిశోధనను తీసుకొనవచ్చును. ఒకినావా విజ్ఞాన సాంకేతిక సంస్థకు చెందిన మిత్సుహిరో యానగిదా, క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి కొండో మొదలైనవారు 15 మంది యువజనుల రక్తాన్ని, 15 మంది వృద్ధుల రక్తాన్ని పరీక్షించారు. యువజనుల సగటు వయస్సు 29, వృద్ధుల సగటు వయస్సు 81. ద్రవ క్రొమటోగ్రఫీతో పదార్థాలను వేరుచేసి, ద్రవ్యరాశి స్పెక్ట్రోమెట్రీతో గుర్తించి, 126 ద్రవ్యాలను కొలిచారు. వాటిలో 14 ద్రవ్యాలు వయస్సుతో గణనీయంగా హెచ్చుతగ్గులు చెందుతున్నవని తేల్చారు.

ఈ పనిలో మెచ్చుకొనదగినవి రెండున్నవి. సాధారణంగా ఇటువంటి పరిశోధనలలో ఎఱ్ఱకణాలను తీసివేసి, మిగిలిన ద్రవాన్నే పరీక్షిస్తారు. వీరు ఎఱ్ఱకణాలను పారవేయలేదు. వయస్సుతో మారినవని చెప్పిన 14 ద్రవ్యాలలో 6 ఆ కణాలలోనే సమృద్ధిగా ఉన్నవి. అవి లేకుండా చూచి ఉంటే ఆ మార్పులు కంటబడడం కష్టమయ్యేది. రెండవది, సగటులతో ఊరకొనక, ఒక్కొక్క ద్రవ్యం మనిషికీ మనిషికీ ఎంత తేడాగా ఉన్నదో లెక్కకట్టడం. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే విచలన గుణకం వస్తుంది. ఈ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా సాధ్యమే. ఏ.టి.పి., గ్లూటాథయోన్ వంటి వాటికి ఈ గుణకం చాలా తక్కువ. ఎవరి రక్తంలోనైనా అవి దాదాపు ఒకే మోతాదులో ఉంటవి, అంటే దేహం వాటిని గట్టి అదుపులో ఉంచుతున్నదన్నమాట. కొన్ని ఇతర ద్రవ్యాలకు ఈ గుణకం 2.5 దాకా పోయింది.

చిక్కంతా ఆ 14 ద్రవ్యాలకు అర్థం చెప్పుకోవడంలో ఉన్నది. వృద్ధులలో హెచ్చిన డైమిథైల్ గ్వానోసిన్, ఆర్.ఎన్.ఏ. విచ్ఛిన్నమైనప్పుడు వెలువడి మూత్రం ద్వారా పోయే పదార్థం. అది హెచ్చిందంటే ముందుగా తూమునే అనుమానించాలి. వృద్ధులలో తగ్గిన ల్యూసిన్, ఐసోల్యూసిన్ దేహం స్వయంగా తయారుచేసుకొనలేని ఆమ్లాలు. అవి ఆహారం నుండే రావాలి. తగ్గిన మరొక ద్రవ్యం కార్నోసిన్. అది కండరాలలో ఉంటుంది, మాంసాహారం వల్లనూ లభిస్తుంది. ఇవి తగ్గడం వార్ధక్యం వల్లనా, కండ కరిగిపోవడం వల్లనా, పండ్లు ఊడి తిండి తగ్గడం వల్లనా? యూరియా తయారయ్యే క్రియ మందగించడమూ, ఆక్సీకరణాన్ని నిరోధించే పదార్థాల ఉత్పత్తి తగ్గడమూ కొంతవరకు కారణాలని పరిశోధకులు సూచించారు. "కొంతవరకు" అనడంలో వారి జాగ్రత్త కనబడుతున్నది. ఆ జాగ్రత్తను విడిచిపెట్టి, వార్ధక్యాన్ని రక్తంలో పట్టేశారని చెప్పుకోవడం తగదు.

అంతకంటె మౌలికమైన ఆక్షేపణ ఒకటున్నది. ఈ యువజనులు ముసలివారై వృద్ధుల గుంపులో చేరలేదు. ఇద్దరూ వేరు వేరు మనుషులు. 2016 నాటికి 81 ఏళ్ళు నిండిన జపాను వృద్ధుడు 1935 ప్రాంతాన పుట్టి, యుద్ధకాలపు కరవులో బాల్యం గడిపినవాడు. 29 ఏళ్ళవాడు ఆ కొరత ఎరుగడు. మన పెరటిలోని లేత కొబ్బరిమొక్కను ప్రక్క ఊరి ముదురు చెట్టుతో పోల్చి, కొబ్బరి పెరిగే తీరు ఇదీ అని చెప్పినట్లుంటుంది.

పైగా 29కీ 81కీ మధ్య 52 ఏళ్ళ అంతరం ఉన్నది. ఏ రెండు బిందువుల గుండానైనా ఒక సరళరేఖను గీయవచ్చును. దారిలో వంపు ఉన్నదేమో ఆ రేఖ చెప్పదు. స్త్రీల విషయంలో వంపు నిశ్చయంగా ఉన్నది. యూరిక్ ఆమ్లమే ఇందుకు నిదర్శనం. యౌవనం రాగానే మగపిల్లలలో ఇది హెచ్చుతుంది. స్త్రీలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను ప్రభావాన మూత్రపిండాలు దానిని ఎక్కువగా విసర్జిస్తవి గనుక చాలాకాలం తక్కువగానే ఉంటుంది. ముట్లుడిగిన తరువాత పెరిగి పురుషుల స్థాయికి చేరువవుతుంది. యూరిక్ ఆమ్లం పేరే తెలియని కాలంలో, ముట్లు ఆగనిదే స్త్రీకి గౌటు అనే కీళ్ళవ్యాధి రాదని గ్రీకు వైద్యుడైన హిపోక్రటీస్ పేర వచ్చిన సూత్రాలలో ఉన్నది! 15 మందిని మరల స్త్రీ పురుషులుగా విడదీస్తే ఒక్కొక్క వైపు ఏడెనిమిది మంది మిగులుతారు. అంత కొద్దిమందితో ఇటువంటి సంగతి తేలదు.

మనుషుల సంఖ్య పెరిగితే లింగభేదం ఎంత స్పష్టంగా కనబడుతుందో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతపు కోరా పరిశోధన చూపింది. 2011లో ప్రకటించిన ఫలితాలలో 3,300 మందికి పైగా రక్తాన్ని పరీక్షించగా, 131 ద్రవ్యాలలో 102 స్త్రీ పురుషులకు వేరుగా ఉన్నవి. 2015లో మరింత విస్తృతంగా 507 ద్రవ్యాలను 1,756 మందిలో చూడగా, సుమారు మూడవ వంతులో భేదం తేలింది. సంఖ్యాబలంలో దీనికి వంక పెట్టనవసరం లేదు. కాని ఎత్తునూ బరువునూ లెక్కలోకి తీసుకొన్నంత మాత్రాన, ఆ బరువులో కండ ఎంతో కొవ్వు ఎంతో తెలియదు. భేదం ఉన్నదని నిరూపించడం వేరు, ఎందువల్ల ఉన్నదో చెప్పడం వేరు.

అదే మనుషులను ఏళ్ళ తరబడి వెంబడించి చూచిన పరిశోధన లేకపోలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1958లో ప్రారంభమైన వార్ధక్య పరిశోధన అటువంటిది. 1958–81 మధ్య మూత్రపిండాల పనితనాన్ని పలుమార్లు కొలిచి, రోగాలున్నవారిని వదలివేయగా, మిగిలిన 254 మంది ఆరోగ్యవంతులలో ఏటా నిమిషానికి సగటున 0.75 మిల్లీలీటరు చొప్పున తరుగుదల కనబడింది. అంతకంటె ఆశ్చర్యకరమైనది, పరీక్షించినవారిలో మూడవ వంతు మందికి అసలు తరుగుదలే లేదు! సగటు ఒక్కటే చెప్పి ఉంటే ఈ సంగతి మరుగునపడేది. అయితే ఇంత మేలైన పరిశోధనలో కూడా 1978 వరకు స్త్రీలను చేర్చుకొనలేదు.

ఈ లోపం వల్ల నష్టమేమని అడగవచ్చును. సమాధానం మొదట చెప్పిన వృద్ధురాలి కాగితంలోనే ఉన్నది. మూత్రపిండాల వడపోతను అంచనా వేయడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనేవారు ఒక సూత్రం ఇచ్చారు. వయస్సును 140 నుండి తీసివేసి, మిగిలినదానిని కిలోగ్రాములలోని బరువుతో గుణించి, క్రియాటినిన్‌కు 72 రెట్లయిన సంఖ్యతో భాగించాలి. స్త్రీ అయితే ఫలితంలో 15 శాతం తగ్గించాలి. యువకుని బరువు 65 కిలోలైతే నిమిషానికి సుమారు 104 మిల్లీలీటర్లు వస్తుంది. వృద్ధురాలి బరువు 45 కిలోలైతే 32 మాత్రమే. రక్తంలోని అంకె ఒకటే. పనితనంలో మాత్రం మూడు రెట్ల భేదం. జెంటామైసిన్, డిజాక్సిన్ వంటి మందులు మూత్రపిండాల ద్వారానే పోతవి గనుక, యువకుని మోతాదునే ఆమెకు ఇస్తే అవి దేహంలో పేరుకొని విషమవుతవి.

ఈ సూత్రం ఎందరినో కాపాడింది. కాని దానికి ఆధారమైన 249 మంది రోగులలో దాదాపు అందరూ పురుషులే. స్త్రీలకు తగ్గించే ఆ 15 శాతం, తగినంతమంది స్త్రీలను కొలిచి తేల్చినది కాదు. 2009లో, 2021లో వచ్చిన కొత్త సూత్రాలు స్త్రీ పురుషులిద్దరినీ వేల సంఖ్యలో కొలిచి కట్టినవి. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్–సి అనే ప్రోటీనును కూడా ఇప్పుడు కొలుస్తున్నారు.