రెమార్క్ నవలలో సహచర మరణము – శోకస్వరూపము

యుద్ధమున సహచరులను కోల్పోయిన యువసైనికుని హృదయము క్రమముగా శిలయగునని పలువురు తలంతురు. ఎరిక్ మరియా రెమార్క్ రచించిన జర్మన్ నవల 1929లో గ్రంథరూపమున వెలువడినది. ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అను ఆంగ్లానువాదనామముతో మన పాఠకులకు పరిచితమైనది. పై అభిప్రాయమునకు ఈ నవలను నిదర్శనముగా చూపుట కలదు. నవల చెప్పునది వేరొకటియని మేము భావించుచున్నాము.

ఉపాధ్యాయుని ప్రబోధముచే సైన్యమున చేరిన విద్యార్థులలో కెమ్మెరిక్ ఒకడు. కాలు తీసివేయబడి అతడు మరణశయ్యపై నుండగా, మిత్రుడు ముల్లర్ దృష్టి అతని మేలైన బూట్లపై నిలుచును. ఇది కాఠిన్యమని తొందరపడి నిర్ణయింపరాదు. అవి కెమ్మెరిక్‌కు ఉపయోగపడునవే యైనచో ముల్లర్ వానిని కోరియుండడని కథకుడు పాల్ బాయ్‌మరే చెప్పుచున్నాడు. ఆ బూట్లు ముల్లర్‌కును, అతని అనంతరము పాల్‌కును చేరును. విలపించుటకు తీరికలేని చోట మృతుని స్మృతిని వస్తువు మోయుచున్నది.

సెలవుపై ఇంటికి వచ్చిన పాల్, కెమ్మెరిక్ తల్లిని చూడబోవును. ఇన్ని మరణములను చూచినవానికి ఒక్కని కొరకు ఇంత దుఃఖమేల యని అతనికి తోచును. మా వాదమునకిది ప్రతికూలముగా కన్పట్టవచ్చును. కాని నీ కుమారుడు బాధలేక తక్షణమే మరణించెనని ఆమెకు ఒట్టుపెట్టి అసత్యమాడినవాడును అతడే. శిలాహృదయుడు అట్టి ఒట్టు పెట్టడు. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇచట స్థాయియైన శోకము నశింపలేదు. అశ్రుపాత విలాపాది అనుభావములు అణగిపోయి, జడత యొక్కటియే పైకి కనబడుచున్నది. భారతమున స్త్రీపర్వమందు గాంధారి విలాపమునకు యుద్ధానంతరమైన అవకాశము కలదు, వినువారు కలరు. పాల్‌కు ఆ రెండును లేవు.

కాట్ మరణఘట్టమున ఇది మరింత స్పష్టమగును. నలుబది యేండ్ల కాట్ ఈ యువకులకు పెద్దదిక్కు. కాలికి గాయమైన అతనిని పాల్ వీపుపై మోసికొని పోవును. దారిలో చిన్న ఫిరంగిగుండు తునక తలకు తగిలి కాట్ మరణించుట పాల్ ఎరుగడు. చేరినపిదప అచటి సైనికుడు, ఇతడు నీకు బంధువా యని ప్రశ్నించును. కాడని పాల్ ఉత్తరము. ఆ బంధమునకు లోకమున పేరులేదు. కావున దానికై శోకించు హక్కును లేదు.

ఇక కథనరీతిని పరిశీలింతము. నవల ‘మేము’ అను మాటతో ఆరంభమగును. సహచరులు ఒక్కొక్కరే తొలగిన కొలది ‘నేను’ మిగులును. 1918 అక్టోబరులో పాల్ మరణించినపుడు కథను అన్యుడెవరో ‘అతడు’ అని ముగించును. యువసైనికుడు కోల్పోయినది అనుభూతిని కాదు, అనుభూతిని పంచుకొను ‘మేము’ అను మాటను. తరగతిలో ఈ నవలను బోధించునపుడు, సైనికుడు ఏల ఏడ్వడని కాక, అతనితో కలిసి ఏడ్చుటకు ఎవరు మిగిలిరని ప్రశ్నించుట సమంజసమని మా మనవి.