గౌతమీముఖమున గాలపు విద్య

గోదావరి సీమలో చేపల ప్రసక్తి వచ్చినంతనే పులస పేరెత్తనివాడు లేడు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత పుట్టిన గడ్డపై నిలిచి దానిని తక్కువచేసి పలుకుటకు నాకు నోరాడదు. కాని పులస వలచేప. వానకాలమున ఎర్రనీటి కెదురీది వచ్చి, ధవళేశ్వరపు ఆనకట్ట దిగువను వలలో చిక్కి, వేలకొలది రూపాయలు పలికి, పులుసుకుండలోనికి పోవు చేప. దాని యశస్సంతయు వంటయింటిది. మనుష్యుని బుద్ధితో, ఓర్పుతో, వ్రేలికొనతో నీటిమీద సరిసమానముగ పోరాడగల మత్స్యమేదియని నన్నడిగినచో పండుగప్ప యని తడుముకొనక చెప్పుదును; దానిని పట్టు రీతులలో ఉత్తమోత్తమమైనది చిన్న నావలో కూర్చుండి చేతిగాలముతో పట్టుటయే యనియు, ఆ విద్యకు సింహాసనము వసిష్ఠ కాదు, వైనతేయ కాదు, గౌతమియే యనియు చెప్పుదును. అంతర్వేది మిత్రులు నామీద అలుగుదురు గాక, ఈ మాటను మాత్రము వెనుకకు తీసికొనను.

నేనీ విద్యను మొదట చూచినది భైరవపాలెపు వృద్ధుడొకని నావలో. నాకప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు. ఆయనకు డెబ్బది దాటినవి. ఆయన కుడిచేతి చూపుడువ్రేలి మొదటి కణుపుపై, ఏండ్ల తరబడి దారము ఒరసి ఒరసి యేర్పడిన గాడియొకటి యుండెను. వడ్లగింజ నుంచినచో అందు కదలక నిలుచును. కార్తిక బహుళమున నొక రాత్రి ఆయన లాంతరు ఆర్పివేసి, ఆ గాడిలో దారము నానించుకొని, చేప పైకి రాకమునుపే దాని పేరు చెప్పుచుండగా నేను నివ్వెరపడి వింటిని. "జెల్లండి బాబుగారూ, ముల్లు జాగర్త" అనెను, వచ్చినది జెల్లయే. "ఇది పీత. ఎర గిల్లుకుపోతంది, లాగినా రాదు" అనెను, పైకి తీయగా ఎర సగము మాత్రమే మిగిలెను. "ఇప్పుడు గొరస. పైకొచ్చాక కప్పలాగ అరుత్తాది సూడండి" అనెను, అది నావలో పడినంతనే గురగుర మొదలిడెను. తెల్లవారువరకు ఆయన జోస్యము ఒక్కటియు తప్పలేదు. సంగీతమున శ్రుతిజ్ఞాన మెట్టిదో, వైద్యమున నాడీజ్ఞాన మెట్టిదో, ఈ స్పర్శజ్ఞాన మట్టిదని నాకా రాత్రియే తోచెను. నేటికిని ఆ యభిప్రాయము మారలేదు.

గాలపు వేట అల్పుల కాలక్షేపమని ఈసడించువారికి ఒక్క మాట. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజోచిత వినోదములను వర్ణించుచు, మత్స్యవినోదమను పేర చేపల జాతులను, వాని ఎరలను, గాలపుకర్రను, దారమును శ్రద్ధగా వివరించెను. ఆ భాగమును మత్స్యశాస్త్రజ్ఞుడు సుందరలాల్ హోరా 1951లో ఆధునిక పాఠకలోకమునకు పరిచయము చేసెను. ప్యాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను బొమ్మలతో ప్రకటించినపుడు మన జాలరుల నోటి పేర్లనే వానికి వ్రాసికొనెను. చరిత్ర ఇంత చాలును. పరికరముల మాటయు అంతియే: పూర్వము నూలుదారమును తుమ్మచెక్క కషాయములో నానవైచి వాడెడివారట, ఇప్పుడు నైలాను దారము; ఒక కొక్కెము, ఒక సీసపు గుండు, చుట్టుకొనుటకు ఒక కండె. సొమ్ము వీనిలో లేదు, చేతిలో నున్నది.

విద్యకు మొదటి పాఠము పోటుపాటుల లెక్క. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిదినమును పోటు ఇంచుమించు రెండు ఘడియలు వెనుకబడి వచ్చును. అమావాస్యా పూర్ణిమలకు నీరు ఉధృతమై గాలము నిలువనీయదు, అష్టములనాటికి మందగించి చేపకు ఆకలి పుట్టించదు. ఈ రెంటి నడిమి తిథులే గాలమునకు మేలైనవి. పోటున మడ అడవుల వేళ్ళలోనికెల్ల నీరెక్కును; ఆ నీటితోబాటు రొయ్యలును చిరుచేపలును లోపలికి పోయి మేయును. పాటు మొదలిడగనే ఆ నీరంతయు సన్నని కాలువల గుండ జారుచు వెలికి వచ్చును గదా, అపుడు ఆ కాలువ నోటికడ పండుగప్ప వాకిట నిలిచిన కావలివానివలె కదలక కాచియుండును. అది తరిమి పట్టు జంతువు కాదు. పొంచి పట్టు జంతువు. కావున దానిని పట్టదలచినవాడును పొంచుట నేర్వవలెను. కూలిన మడచెట్టు మొద్దు ఎక్కడ మునిగియున్నదో, దాని వెనుక ప్రవాహ మెక్కడ మడతపడుచున్నదో, మంచినీటికిని ఉప్పునీటికిని నడుమ నురుగుగీత యెక్కడ సాగుచున్నదో, కొంగ యే గట్టున మెడ చాచి నిలిచినదో, ఇవన్నియు అక్షరములు. వీనిని కూడబలికి చదువగలవానికే ఆ పాయ పుస్తకము తెరచుకొనును. రొయ్యలు నీటిపై చిటపట యెగిరి, వెంటనే తలుపు వేసినట్లు ఒక్క గట్టి చప్పుడు వినవచ్చెనా, అక్కడ పండుగప్ప నోరు తెరచి మూసినదని యెరుగవలెను.

రెండవ పాఠము నావను నిలుపుట. తెడ్డు చెక్కకు తగిలి ఒక్కసారి టక్కుమనెనేని ఆ తావున జాముసేపు చేప కుట్టదు. అందుచేత మా వృద్ధుడు నావ అడుగున తడి గోనెపట్టా పరచి, గుంటకు ఎగువనే తెడ్డు మాని గెడ పట్టి, లంగరు రాతిని చేతులతో నీటిలోనికి పసిబిడ్డను దించినట్లు దించి, త్రాడు కొలది కొలదిగా వదలుచు, నావ తనంత తాను జారి వచ్చి మొద్దునకు పది బారల దూరమున ఆగునట్లు చేయును. ఇంజను నావలవా రింతకు సరిపోయిన కాలమున మూడు చోట్లు తిరిగి మూడింటిని బెదరగొట్టి పోవుదురు.

మూడవది ఎర. చచ్చిన రొయ్యకు జెల్ల వచ్చును, పీత వచ్చును. పండుగప్ప వలెనన్నచో బ్రతికిన రొయ్య కావలెను. రొయ్య తలలో పైపెంకు గుండ నల్లని మచ్చవలె కనబడునది దాని ప్రాణస్థానము. కొక్కెము దానిని తాకరాదు. తోక కణుపు గుండ గాని, ముక్కుముల్లు క్రింద పెంకునకు మాత్రము గాని గ్రుచ్చవలెను. అట్లు గ్రుచ్చిన రొయ్య గంటసేపైనను కాళ్ళాడించుచు ఈదుచుండును. కొక్కెమునకు పైని మూరెడు దారము ముతకది కట్టుట మరువరాదు. ఏలయన పండుగప్ప మొప్పపై రేకుటంచు కత్తివలె నుండి, సన్నదారమును ఒక్క విసురున తెగగోయును. ఏమరినచో వ్రేలినిగూడ విడువదు.

ఇక నాలుగవది, సర్వోత్కృష్టమైనది, కాటు నెరుగుట. దారమును లాగి పట్టినచో చేపకు అనుమానము. వదలి పెట్టినచో మనకు అజ్ఞానము. ఈ రెంటి నడుమ దారము బరువు మాత్రమే వ్రేలిపై నుండునట్లు పట్టుటకు నాకు మూడేండ్లు పట్టినది. మొదట రొయ్య తత్తరపాటు వ్రేలికి తెలియును, అది శత్రువును చూచినది. పిదప ఒక్క పొడుపు. నేర్వనివాడు ఇక్కడనే లాగును, పోగొట్టుకొనును. నేనట్లు లాగబోయిన ప్రతిసారియు ఆయన నా మణికట్టు పట్టుకొని, "తొందరపడకండి బాబుగారూ. నోట్లోకి పీల్చింది గాని మూతి తిప్పలేదింకా. తిప్పనివ్వండి" అనెడివాడు. తిప్పినపుడు దారము పక్కకు నడచును. అట్లు నడచిన క్షణమున మోచేతితో గాక మణికట్టుతో కొట్టవలెను. తగిలిన పండుగప్ప నీటిని చీల్చుకొని నిలువున లేచి, మొప్పలు విప్పి, తల జాడించును. అపుడు చేయి వంచి దారము నిసుమంత సడలింపనిచో కొక్కెము ఊడును, అది నీట పడిన వెంటనే మరల బిగింపనిచో మొద్దు క్రిందికి దూరును. ఎనిమిది వీసెల చేపను ఆయన పది నిముషములు ఆడించి, ఒక్కమారైనను దారము చేతికి చుట్టుకొనక, నావ ప్రక్కకు తెచ్చుట చూచితిని. లాంతరు వెలుగున దాని కన్ను కాలిన బంగారమువలె మెరసినది. అటువంటి పనితనమును చూచిన కన్నులు ధన్యములు.

గౌతమిని పొగడినంతలో కాకినాడ రేవును మరచినచో కృతఘ్నత యగును. గోదావరి ఒండ్రుతో పెరిగిన హోప్ ఐలాండను ఇసుకదిబ్బ అడ్డుగోడవలె సాగి అలలను ఆపుచుండుటచేత అచ్చటి నీరు నావకు సుఖము. ఓడలు దూరమున లంగరు వేసికొనియుండ, సరకు బార్జీలు ఒడ్డునకును వానికిని నడచుచుండును. ఆ రేవునీటిలో కొయ్యింగలను పట్టు విధము వేరు. కొయ్యింగ నోరు చిన్నది, పాచి నాకి బ్రతుకునది. దానికి రొయ్య పనికిరాదు. మెత్తగా పిసికిన పిండి ముద్ద, గోటికొనయంత కొక్కెము, సన్నని వెదురుకర్ర, జీలుగుబెండు కావలెను. బెండు మునుగదు, కొంచె మొరుగును, అంతే. ఆ ఒరగుటను కనిపెట్టి ఉదయపు నీరెండలో డజను కొయ్యింగలను వరుసగా తీసిన విశ్రాంత ఉపాధ్యాయు నొకని నెరుగుదును. ఆయన చూపు నాకు లేదు. అయినను ఆ విద్య కంటిది, చేతిగాలము స్పర్శది. కర్రకును చేతికిని తగవు వచ్చినచో నేను చేతి పక్షమే. కర్ర చేపకును మనకును నడుమ మధ్యవర్తి. దారము వ్రేలికి తగిలి చెప్పిన మాటను మధ్యవర్తి యెంత పండితుడైనను చెప్పలేడు.

ఈ విద్యయందు నేర్పుతోబాటు ధర్మ మొకటి కలదు. పండుగప్ప పుట్టుట మగదిగా పుట్టి, కొన్నియేండ్లు పెరిగిన పిమ్మట ఆడదిగా మారునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనగా మిక్కిలి పెద్దవన్నియు తల్లులే. వానకాలమున మొగలయొద్ద గ్రుడ్లు పెట్టి పాయనంతయు నింపవలసినవి అవియే. మా వృద్ధుడు శాస్త్రము చదువలేదు. కాని నేను చెప్పిన యెనిమిది వీసెల చేపను ఆయన నావలోనికి ఎక్కింపలేదు. నీటిలోనే దవడ పట్టుకొని కొక్కెము తీసి, తలను ప్రవాహమున కెదురుగా నిలిపి, మొప్పలు మెల్లగా ఆడువరకు కాచి, చేయి విడిచెను. నేను ఆశతో చూచుచుండుట గమనించి, "పెద్దయి తల్లులండి. దాన్ని తింటే వచ్చే ఏడు ఏం తింటాం?" అనెను. జానెడు కంటె చిన్నవి తిరిగి నీటిలోనికి, మరీ పెద్దవి తిరిగి నీటిలోనికి; నడిమివి రెండో మూడో యింటికి. ఇది ఆయన స్మృతి.

ఇప్పుడు ఆ స్మృతి యేమైనది? వలవారిని నేను నిందింపను. అది వారి జీవనము, వారు లేనిదే మనకు నీటిజ్ఞానమే లేదు. కాని దోమతెరవంటి సన్నకన్ను వలలతో కాలువ నోటికి నోరు కట్టి, గోరంత పిల్లనుగూడ ఊడ్చుకొనిపోవుటను జీవనమనుట యెట్లు? నీటిలో మందు కలిపి, కరెంటు తీగ ముంచి, తేలిన చేపల నేరుకొనుటను వేట యనుట యెట్లు? 1990 ప్రాంతమునుండి రొయ్యల చెరువుల కొరకు మడలు నరకిరి. ఆ చెరువుల మురికినీరు తిరిగి ఆ పాయలలోనికే వదలుచున్నారు. కోరంగి మడలను 1978లో అభయారణ్యముగ ప్రకటించుటచేత కొంత మిగిలినది. ఆ హద్దును, అందలి నిబంధనలను గౌరవించుట గాలము పట్టువానికి మొదటి మర్యాద యని నేను ఘంటాపథముగ చెప్పుదును.

అంతకంటెను నా రక్తమును మరిగించునది ఈ విద్య పేరు పెట్టుకొని తిరుగు నకిలీ. ఒక చెరువులో పెంపుడు చేపలను క్రిక్కిరిసి పోసి, రెండు దినములు పస్తుంచి, గంటకింతయని టిక్కెట్టు పెట్టి, రంగురంగుల ప్లాస్టిక్ కర్రలు చేతికిచ్చుదురు. ఆకలిగొన్న చేప ఉత్తకొక్కెమునైనను మ్రింగును. వచ్చినవారు దానిని గాలిలో వ్రేలాడదీసి, ఫొటో తీయించుకొని, తాము గాలపువేటగాండ్ర మైతిమని యింటికి పోవుదురు. అట్టి తావునకు ఒక బంధువు బలవంతమున నేనొకమారు పోయి, అర్ధగంటలో లేచి వచ్చితిని. కొందరు మూడు కొక్కెముల గుత్తిని ఎర లేకయే గుంపులోనికి విసరి, కడుపునో కన్నునో తగిలించి లాగుచుండిరి. చేప తనంత తాను నమ్మి నోరు తెరచుటలో కదా వేట యున్నది! పోటు నెరుగక, పాటు నెరుగక, ఓర్పు నేర్వక, ఒక్క రాత్రియైనను మంచులో తడియక పట్టిన చేపకు చేపయని పేరే గాని, ఆ పట్టుటకు విద్యయను పేరు చెల్లదు.

కావున గోదావరి జిల్లాల పెద్దలారా, ఒక్కటి వేడుకొందును. ఎర్రనీరు తగ్గి, కార్తికమున పాయ తేటపడినపుడు, మీ పిల్లలను తీసికొని రేవునకు పొండు. ఇంజను లేని నావగల ముసలివాని నొకని వెదకి, ఆయన పూటకూలిని బేరమాడక చేతిలో పెట్టి, దారము పట్టుట నేర్పుమని యడుగుడు. సన్నకన్ను వలలు వేయరాదని మీ యూరి పంచాయతీలో గట్టిగా పలుకుడు. చేప దొరకకపోయినను చింతింపకుడు. పాటు వేళ మడలలోనుండి నీరు జారు చప్పుడు వినిన పిల్లవాడు రిక్తహస్తములతో తిరిగి రాడు.

మా వృద్ధుడు పోయి చాలకాలమైనది. నిరుడు భైరవపాలెము పోయి ఆయన మనుమని కలిసికొంటిని. నగరమున ఉద్యోగము చేయు సద్బుద్ధిగల యువకుడు, సెలవులకు వచ్చియుండెను. తాతగారి దారపుకండె చూపుమనగా చూరునుండి తీసి తెచ్చి, "దీన్ని ఎలా పట్టుకుంటారండీ?" అని నన్నే అడిగెను. చేయి చాపుమని దారమును ఆయన చూపుడువ్రేలి మొదటి కణుపుపై నుంచితిని. ఆ వ్రేలు నున్నగా నుండుటచే దారము జారిపోయినది. మరల నుంచితిని. మరునాటి వేకువ పాటునకు మేమిద్దరము నావ విప్పితిమి.