కాశీయాత్రచరిత్రమున ఆయుధప్రసక్తి

హైదరాబాదున లక్డీకాపూలునకుఁ జేరువగా, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1930 నాఁడు వెలసిన ప్రదర్శనశాలయందుఁ బూర్వపు కత్తులును, కవచములును, తుపాకులును అద్దములవెనుక నమర్పఁబడి యున్నవి. అవి యే కాలమువో, యే పనివారి నేర్పువో ప్రక్కనున్న పలకలు చూపఱకుఁ దెలుపును. కాని అట్టి కత్తిని మొలఁ దాల్చి యొకఁడు వీధివెంట వచ్చుచుండఁగా, ఎదురుపడిన పరదేశి బాటసారికి మనసులో నేమి తోఁచెనో తెలుపు పలక ప్రదర్శనశాలలో నుండదు. ఆ సంగతి తెలియఁగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును విప్పవలెను.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసి. 1830 మే 18వ తేదీని తల్లితో, భార్యతో, నూరుమందికిఁ దక్కువగాని పరివారముతో బయలుదేఱి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపురముల మీఁదుగాఁ గాశి చేరి, గయా, కలకత్తా, జగన్నాథముల మీఁదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీకిఁ దిరిగి వచ్చిరి. దారిలో మిత్రుఁడు కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన లేఖలే గ్రంథమై 1838లో అచ్చయ్యెను. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో విపులమైన పీఠికతోను వివరణలతోను మరల వెలువరించిన పిదపఁగాని యిది పండితలోకమునకు సులభము కాలేదు. క్షేత్రమాహాత్మ్యములకును, ధరవరలకును, కులాచారములకును ఇందలి పుటలు పలుమాఱు పరిశీలింపఁబడినవి. ఆయుధమునుగూర్చిన మాటలు మాత్రము అరాచకమునకు దృష్టాంతములుగాఁ దప్ప వేఱువిధముగాఁ జదువఁబడినట్లు కానరాదు. ఆ చదువు చాలదు.

తెలుఁగు కావ్యములందు బాటసారికి ఆయుధచింత లేదు. మనుచరిత్రములోని ప్రవరుఁడు హిమవంతమునకుఁ బోయినది పాదలేపముచేత. అతనికి సుంకపుచౌకి లేదు, దొంగలభయము లేదు, తోడు మనిషి యక్కఱలేదు. అతనికి వచ్చిన ప్రమాద మంతయు మంచుచేతఁ బసరు కరఁగుటయే. వరూధిని మాట వేఱు. కాశికిఁ బోయినవాఁడును కాటికిఁ బోయినవాఁడును ఒక్కటే యని లోకులు చెప్పుకొను సామెతలో నున్న భయము ప్రబంధములలోనికి రాలేదు. ఆ భయమును మజిలీ వెంట మజిలీగా, తేదీతో సహా, తెలుఁగు వచనములోనికిఁ దెచ్చిన తొలిగ్రంథములలో నిది ముఖ్యము.

యాత్ర జరిగినది స్వదేశమందే కదా, పరదేశప్రయాణ మనుట యెట్లని కొందఱు శంకింపవచ్చును. 1830 నాఁటి పటమును చూచినచో నీ శంక నిలువదు. కడపసీమ 1800 సంవత్సరపు సంధిచే నిజామునుండి కంపెనీకి సంక్రమించి అప్పటికి ముప్పదియేండ్లు మాత్రమే యైనది. కర్నూలు 1839 వఱకును నవాబుల చేతిలో నుండెను. తుంగభద్ర దాఁటినచో నిజామురాజ్యము. అందును వనపర్తి, కొల్లాపురము మొదలగు సంస్థానములకు వేఱువేఱు కోటలును బలగములును గలవు. నిర్మల దాఁటి యడవులగుండ నుత్తరమునకుఁ బోఁగా భోంసలేల నాగపురము. ఏటికొక దొరతనము మాఱుచుండఁగా, నిన్నటి యధికారి మాట నేఁటి చౌకీలోఁ జెల్లదు. చెన్నపట్టణపు కోర్టు ముద్రను జూచి యెవఁడు తలవంచునో, యెవఁడు నవ్వునో ముందుగాఁ దెలియదు. ఇంతకంటెఁ బరదేశమునకు లక్షణ మేమి కావలెను?

ఇట్టి దారులలో ఆయుధము నెట్లు సమకూర్చుకొనుచుండిరో తెలిపిన పూర్వులు లేకపోలేదు. గోలకొండ రాజ్యమునకుఁ బలుమాఱు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు తావెర్నియే, పదునేడవ శతాబ్దిలో, హిందూదేశమున గౌరవముగాఁ బ్రయాణము చేయఁదలఁచినవాఁడు విల్లమ్ములు గల వారిని, తుపాకులు గల వారిని ఇరువది ముప్పదిమందిని నెలజీతమునకుఁ గుదుర్చుకొనవలెనని వ్రాసెను. వారికొక నాయకుఁడుండును, తనవారి నమ్మకమునకు అతఁడే పూఁట. ఇందు గమనింపవలసినది విల్లమ్ములు కావు, పూఁటకాపు. కత్తి పట్టినవాఁడు దొంగయో రక్షకుఁడో కత్తిని జూచి చెప్పరాదు. వానికై జవాబు చెప్పువాఁ డొకఁడున్నచో రక్షకుఁడు, లేనిచో దొంగ. పల్లెలలోఁ దలారి బాటసారులను తన పొలిమేరదాఁక సాగనంపి పైయూరివారి కప్పగించు నాచారమునకును మూల మిదియే. తలారి చేతికఱ్ఱ యెవరిని నాపఁగలదు? ఆ పొలిమేరలో సొత్తు పోయినచో నడుగుటకు మనిషి దొరకును, అంతియే కావలసినది.

హైదరాబాదు నగరమును వర్ణించు భాగమును ఈ దృష్టితోఁ జదువవలెను. ఆ షహరులో జనులు ఆయుధములు ధరించి తిరుగుదురనియు, మెత్తనివారికి నిలుకడ లేదనియు, హత్య జరిగినను విచారించు దిక్కు లేదనియు వీరాస్వామయ్యగారి యభియోగము. మొదటిమాటను మాత్రమే గ్రహించినవారు, చెన్నపట్టణపు వైదికాచారపరుఁడు కత్తులను జూచి బెదరెనని తలఁచుట సహజము. కాని ఆయన బెదరు కత్తినిగూర్చి కాదు. నూరుమందిని వెంటఁబెట్టుకొని అడవులను దాఁటించినవాఁడు ఇనుమును జూచి వణఁకువాఁడు కాఁడు. ఆయన మాటలలో బరువంతయు మూఁడవ సంగతిపైనఁ బడినది: అడుగువాఁడు లేఁడు. 1801లో నేర్పడిన సుప్రీముకోర్టున సాక్షుల మాటలను, ప్రతివాదుల మాటలను భాషాంతరీకరించుటయే యుద్యోగముగాఁ గలవానికి, నేరము జరిగెనా యనునది మొదటి ప్రశ్న కాదు. ఎవఁడు జవాబుదారి యనునదియే మొదటి ప్రశ్న. గ్రంథమంతటను ఆ దుబాసి చెవి మేల్కొనియే యున్నది. సంస్థానాధిపతు లొకరి గ్రామముల నొకరు కొల్లగొట్టుకొను వృత్తాంతమును వ్రాయునప్పుడును ఆయన చూపు యుద్ధముపై నుండదు. ఆ కలహములను అణఁచు పైయధికారము లేకుండుటపై నుండును.

చరిత్ర యీ యభియోగమును గొంతవఱకు సమర్థించుచున్నది. సికందరుజా 1829లో మరణింపఁగా నాసిరుద్దౌలా సింహాసన మెక్కి యప్పటి కేఁడాదియైనది. రాజ్యభారము చందూలాలుది. జీతములు బాకీపడిన అరబ్బులును, రోహిలాలును, పఠానులును తమ జమాదారుల యాజ్ఞకుఁ దప్ప నితరుల యాజ్ఞకు లోఁబడెడివారు కారు. నడుమున జంబియా గలవాఁడు కొత్వాలునకుఁ గాక జమాదారునకు జవాబుదారి. జమాదారు సర్కారునకు ఋణదాత. ఋణదాతను దండించు దొర యెక్కడనుండును? సాలార్జంగు మంత్రియైన పిదప 1865 నాఁటి జిల్లాబందీతోఁగాని ఈ ముడి కొంతయైన విడివడలేదు.

అయినను ఈ సాక్ష్యమును యథాతథముగా నంగీకరింపరాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘికచరిత్రమునకు ఈ యాత్రాగ్రంథము నొక ముఖ్యాధారముగాఁ గైకొనిరి. జనజీవనమునకు ఇంతకంటె దగ్గఱి సాక్షి దొరకఁడు గనుక అది యుచితమే. కాని సాక్షి యెవరి కొలువులోని వాఁడో న్యాయస్థానమున మొదట నడుగుదురు. వీరాస్వామయ్యగారు కంపెనీ రాజ్యమునఁ బెరిగిన యుద్యోగి. అచటి కట్టుబాటు ఆయనకు ఊపిరి వంటిది. హుసేనుసాగరమున కావల సికిందరాబాదు దండులోఁ గానవచ్చిన నెమ్మదికిని, ఈవల షహరులోని యలజడికిని గల భేదమును ఆయన చూచెను. ఆ దండు ఖర్చునకే 1798, 1800 సంవత్సరముల సంధులు నిజామును కట్టివేసినవనియు, పామరు కంపెనీవంటి వడ్డీవర్తకుల యప్పులు ఖజానాను పిండివేసినవనియు, ఆవలి నెమ్మదికిని ఈవలి యలజడికిని నడుమ రూకల లెక్క యొకటి కలదనియు బాటసారికిఁ దట్టకపోవుట తప్పు కాదు. రెండుశతాబ్దులకుఁ బిదపఁ జదువు పండితునకుఁ దట్టకపోవుట తప్పే.

1941 నాఁటి పాఠకుని స్థితియు నిచట గణింపఁదగినది. 1878 సంవత్సరపు ఆయుధశాసనముచేత ఇంగ్లీషువారి పాలనలోని సామాన్యుఁడు అనుమతిపత్రము లేక తుపాకి ముట్టరాని కాలము అప్పటికి అఱువదిమూఁడేండ్లు గడచినది. రైలుపెట్టెలోఁ గూర్చుండి కాశికిఁ బోవు నా పాఠకునకు ఆయుధపాణులతోఁ గిటకిటలాడు వీధి, ఏ పురాణములోని దస్యునగరమో వలెఁ దోఁచియుండును. శివరావుగారి వివరణలు రాజకీయచరిత్రమున నెంత సమృద్ధములో, దారికాపులయొక్కయు, చౌకీలయొక్కయు, రహదారిపత్రములయొక్కయు ఏర్పాట్లను విడమర్చుటలో నంత సమృద్ధములు కావు. 1973లో నాంగ్లానువాద మొకటి వెలువడినను ఈ లోటు తీఱలేదు.

భాషనుగూర్చి యొకమాట. ఈ గ్రంథము గ్రామ్యభూయిష్ఠమని పండితులు ముఖము చిట్లించుట కలదు. షహరు, చౌకి, రహదారి, జవాను మున్నగు మాటలను దొలఁగించి నగరము, రక్షకస్థానము, మార్గానుజ్ఞ, భటుఁడు అని దిద్దిచూచినచో నేమగునో పరీక్షింపవచ్చును. భటుఁడు కావ్యములో రాజునకై ప్రాణము లిచ్చును. జవాను నెలకింత యని మాటాడుకొని వచ్చును, జీతము బాకీపడినచో నిలిచిపోవును. ఖడ్గము వీరునిది, బాకు బజారులో నెవనిదైనఁ గావచ్చును. తుపాకి మాటయే తురుష్కభాషనుండి వచ్చినది. ఏ మాటతో బేరము జరిగెనో ఆ మాటతోనే వ్రాసినాఁడు గనుకనే ఆ బేరము పాఠకునకుఁ దెలియుచున్నది. ఇది గ్రామ్యత కాదు, యాథార్థ్యము.

ఆయుధము పనికిరాని ప్రమాదమొకటి యీ దారిలోనే యుండెను. నాగపురమునుండి శివనీ, జబ్బలుపురముల మీఁదుగాఁ బ్రయాగకుఁ బోవు బాట ఠగ్గులకుఁ బేరుపడినది. ఇంగ్లీషు అధికారి స్లీమను వారినిగూర్చి కలకత్తా పత్రికకు వ్రాసినదియు నా 1830వ సంవత్సరమే. ఠగ్గు కత్తి చూపఁడు. కుశలప్రశ్నలతోఁ దోడుచేరి, ఒక పొయ్యికడ వండుకొని, ఏమఱినపుడు గుడ్డపేలికతో గొంతు బిగించును. ఇంగ్లీషువారు చెప్పిన లెక్కలలో నతిశయోక్తి కలదని యిటీవలి చరిత్రకారులలోఁ గొందఱి యభిప్రాయము. అది యెట్లున్నను, వారు వెదకినది ఒంటరివానిని, ఇద్దఱు ముగ్గురుగాఁ బోవువారిని. ఒకరి నొకరు ముఖముపట్టి యెఱిఁగిన నూరుమంది గుంపులోఁ గ్రొత్తవాఁడు చేరుట సులభము కాదు. వీరాస్వామయ్యగారు ఏ మజిలీలోను దాను కత్తి దూసినట్లు వ్రాయలేదు. దూయవలసిన యవసరము రాకుండఁ జేసినది ఆ గుంపు. దానితోపాటు, ఏ యూర నీరు గలదో, ఏ యూర నంగళ్ళు గలవో, ఎచట దిగరాదో ముందుగా విచారించి మజిలీ నిర్ణయించుకొను నలవాటు. ఆ విచారణలే లేఖలలోనికెక్కి, తరువాతి యాత్రికులకు దారి చెప్పినవి.

ఆ గుంపులోఁ బెద్దపాలు పల్లకి మోసిన బోయీలును, బరువులు మోసిన కూలివాండ్రును. దొంగలు పైఁబడినచో ముందుగా దెబ్బతినువారు వారే. పల్లకి దింపి పాఱిపోవుటకైనను నిలిచి పోరుటకైనను నిర్ణయము వారి కాళ్ళలో నుండెను. యజమాని లేఖలలో వారి మాట మితముగానే వినఁబడును. వానకాలపు బురదలోఁ బదునైదు నెలల దారి నడచిన యా మనుష్యులు నిజాముసీమ చౌకీలకడ నేమి మాటాడుకొనిరో, జంబియాలవారిని జూచి పల్లకి నే ప్రక్కకు మరలించిరో విచారింపఁగోరు పరిశోధకుఁడు, వేఱాధారము దొరకువఱకు, యజమాని నిలిచిన చోట్లను, తొందరపడి మజిలీ యెత్తించిన చోట్లను తేదీలవారీగా సరిపోల్చి చూడవలసియున్నది.