బోర్డు మీద గీతలు

మా చిన్నప్పుడు మాష్టారు బయటికి వెళ్తూ క్లాసు లీడరు చేతికి సుద్దముక్క ఇచ్చేవారు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద పడేవి. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. లీడరుకి జామకాయ ముక్క పెట్టినవాళ్ల పేర్లు చెరిగిపోయేవనుకోండి, అది వేరే సంగతి!

ఆ సుద్దముక్కనే అమెరికావాళ్లు శాస్త్రం చేశారు. 1969లో బారిష్, సాండర్స్, వూల్ఫ్ అనే ముగ్గురు కాన్సాస్ రాష్ట్రంలో ఆడించిన 'మంచి నడవడి ఆట' గురించి వ్యాసం రాశారు. నాలుగో తరగతి, 24 మంది పిల్లలు. క్లాసును రెండు జట్లు చేశారు. అడక్కుండా లేచినా, మాట్లాడినా ఆ జట్టుకు ఒక గీత. తక్కువ గీతలున్న జట్టు గెలిచినట్టు. రెండూ హద్దులో ఉంటే రెండూ గెలిచినట్టే. బహుమతులా? పేరు పక్కన నక్షత్రం, భోజనానికి ముందు వరస, సాయంత్రం అరగంట ఇష్టమైన పని. లెక్కల పీరియడులో, గమనించిన సమయంలో నూటికి 96 వంతులు వినిపించే మాటల గోల 19 వంతులకు దిగింది. ఆట ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది!

బెత్తం లేదు, తిట్టు లేదు. 2009 విద్యాహక్కు చట్టం మన బళ్లలో కొట్టడాన్ని నిషేధించింది గాని, గోల మధ్య నిలబడ్డ టీచరమ్మకి బెత్తం బదులు ఏదో ఒకటి కావాలిగా! ఇక్కడిదాకా నేనూ చప్పట్లు కొట్టేదాన్నే.

కాని ఆ క్లాసులో ఇద్దరు పిల్లలు ఆటకు లొంగలేదు. ఒకడైతే ఇక ఆడనని చెప్పేశాడు. వాళ్ల వల్ల జట్టంతా నష్టపోవడం న్యాయం కాదని, వాళ్లని విడదీసి విడిగా లెక్క పెట్టారు. అసలు ఆట కావలసింది అలాంటివాళ్లకే కదా! తోటివాళ్ల చూపులు బెత్తం కంటే చురుక్కుమంటాయి. తమ్ముడి అల్లరికి నాక్కూడా సినిమా మానిపించిన రోజు వాణ్ణి నేనేం చేశానో వాడికి ఇప్పటికీ గుర్తే.

అయితే నా అభ్యంతరానికి జవాబు బాల్టిమోరులో దొరికింది. 1985లో కెల్లామ్ అనే మానసిక వైద్యుడి బృందం అక్కడ ఒకటో తరగతి పిల్లలతో ఇదే ఆట ఆడించింది. ముందు టీచర్లకి శిక్షణ ఇచ్చారు. దుడుకువాళ్లనీ, నోరు విప్పనివాళ్లనీ అన్ని జట్లకీ సమంగా పంచారు. ఆ పిల్లలకి ఇరవయ్యేళ్లొచ్చాక చూస్తే, మత్తుమందుల జోలికి పోకుండా ఎక్కువ మేలు పొందింది ఒకటో తరగతిలో అందరికంటే దుడుకుగా ఉన్న మగపిల్లలేనట. నేను తల వంచక తప్పలేదు.

అయినా నవలలు రాసేదాన్ని గనక నా మనసు కాన్సాసులోనే ఉండిపోయింది. ఆడనన్న ఆ పిల్లవాడి బెంచీ పక్కన కూర్చుని, "ఎందుకురా నాన్నా?" అని ఎవరైనా అడిగారో లేదో!